భార్య మ్యాచింగ్ సెంటర్ పెడుతున్నప్పుడు భర్త ఎంతవరకు కల్పించుకోవాలి?

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి):

నా భార్య కొన్నేళ్లుగా ఇంట్లోనే చీరలకు ఫాల్సు కుట్టి, పీకో వేసి, బ్లౌజులు కుట్టి ఇస్తోంది. తన దగ్గరికి వచ్చేవాళ్లు లైనింగు గుడ్డ కోసమూ, చీర రంగుకు సరిపోయే బ్లౌజు ముక్క కోసమూ గాంధీ రోడ్డు దాకా వెళ్లవలసి రావడం చూసి, మా పేటలోనే ఒక చిన్న మ్యాచింగ్ సెంటర్ పెట్టాలని నిశ్చయించుకుంది. ఇంటికి దగ్గరలోనే ఒక గది దొరికింది, కానీ యజమాని పది నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతున్నారు. నేను ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుణ్ణి. నా పొదుపులోంచి మూడు లక్షల దాకా ఇవ్వగలను.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. ర్యాకులు ఎటువైపు పెట్టాలి, బోర్డు మీద ఏ పేరు ఉండాలి, సరుకు చెన్నై నుంచి తేవాలా లేక ఇక్కడి హోల్‌సేలు వాళ్ల దగ్గర కొనాలా అనే ప్రతి విషయంలోనూ నేను సాయమనుకుని చెప్పేది ఆమెకు పెత్తనంగా తోస్తోందేమోనన్నదే నా అనుమానం. కళాశాల అయ్యాక సాయంత్రాలు దుకాణంలో కూర్చోవడం మంచిదేనా? అప్పు తీసుకుంటే ఎవరి పేరు మీద తీసుకోవాలి? ఇలాంటి దుకాణాలు నడుపుతున్నవారు చెప్పగలరు.

సమాధానం (కొర్లగుంటలో బట్టల దుకాణం నడిపే మహిళ):

సార్, సాయంత్రాలు మీరు ఉండవలసింది దుకాణంలో కాదు, ఇంట్లో. ఈ వ్యాపారంలో గిరాకీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఉంటుంది. పిల్లలు బడి నుంచి వచ్చేదీ, రాత్రి వంట మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే కనుక, ఆ నాలుగు గంటల ఇంటిపని మీరు పూర్తిగా మీద వేసుకుంటే ఆమె కౌంటరు వదిలి పరుగెత్తవలసిన అవసరం ఉండదు. మా ఆయన మొదట్లో కౌంటరులోనే కూర్చునేవారు. సరుకు తెచ్చే ఏజెంట్లు ధర చెప్పవలసి వస్తే నన్ను దాటి ఆయన ముఖమే చూసేవారు. ఆయన లేచి వంటింటి బాధ్యత తీసుకున్నాకే వాళ్లు నాతో బేరమాడడం మొదలుపెట్టారు.

ఇక ర్యాకుల సంగతి. ఇది ఆమెకు మీకన్నా బాగా తెలిసిన పని, ఎందుకంటే రంగు కలపడంలోనే ఈ వ్యాపారమంతా ఉంది. ట్యూబ్‌లైటు కింద చీర కొంగు పక్కన పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయిన వంకాయ రంగు ముక్క, గుమ్మం దాటి ఎండలోకి తీసుకెళ్లగానే నేరేడు రంగుకు తిరుగుతుంది. అప్పటికే కత్తెర పడితే ఆ ముక్క మనకే మిగిలిపోతుంది, కోసిన గుడ్డను ఏ హోల్‌సేలరూ వాపసు తీసుకోడు. కాబట్టి కోసే బల్ల గుమ్మం దగ్గర, పగటి వెలుతురు పడేచోట ఉండాలి. మీరు చూసిన గదికి ఆ వెలుతురు లేకపోతే అద్దె తక్కువైనా నేను తీసుకోను. తెలుపు, నలుపు, ఎరుపు, గంధం రంగు లైనింగు తానులు ఎన్ని తెచ్చినా పోతాయి. ఆనంద బ్లూ, మెంతి రంగు వంటివి మొదట ఒక్కొక్క తాను చాలు. వీటిలో ఏది ఎంత తేవాలో ఇంట్లో కుట్టుపని చేసిన మనిషి వేళ్ల మీద చెప్పగలదు, ఆమెను చెప్పనివ్వండి.

సమాధానం (పన్ను లెక్కలు చూసే వృత్తిలో ఉన్న వ్యక్తి):

అప్పు, పేరు గురించి అడిగారు కనుక ఆ రెండింటికీ జవాబు చెబుతాను. దుకాణం ఆమెది అయితే అద్దె ఒప్పందం, కార్పొరేషను ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణాల చట్టం కింద చేయించే నమోదు, బ్యాంకు ఖాతా అన్నీ ఆమె పేరు మీదే ఉండాలి. కౌంటరు మీద పెట్టే క్యూఆర్ కోడ్ కూడా ఆమె ఖాతాదే కావాలి. చాలామంది ఇక్కడే భర్త ఫోను నంబరు ఇచ్చేసి సరిపెట్టుకుంటారు. రేపు ఆమె అప్పుకు వెళ్తే బ్యాంకు చూసేది ఆమె ఖాతాలో పడిన అమ్మకాలనే. ముద్ర పథకంలో 50 వేల వరకు శిశు, అక్కడి నుంచి 5 లక్షల వరకు కిశోర్ విభాగం కింద తాకట్టు లేకుండా రుణం అడగవచ్చు. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యం నమోదుకు రుసుము లేదు, దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి.

మీరిచ్చే మూడు లక్షల విషయంలో ఒక మెలిక ఉంది. భార్యకు భర్త ఉచితంగా ఇచ్చిన సొమ్ముతో వ్యాపారం సాగితే, ఆ పెట్టుబడి మేరకు వచ్చే లాభాన్ని ఆదాయపు పన్ను చట్టం భర్త ఆదాయంలో కలిపి లెక్కిస్తుంది. మీరు జీతం మీద పన్ను కట్టేవారైతే ఇది భారమే. అదే సొమ్మును నిజమైన అప్పుగా, బ్యాంకు ద్వారా, కాగితం రాసుకుని, వడ్డీతో సహా తిరిగి కట్టే పద్ధతిలో ఇస్తే ఆ చిక్కు ఉండదు. భార్యాభర్తల మధ్య ప్రామిసరీ నోటేమిటని పెద్దవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

జీఎస్టీ విషయానికొస్తే, మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేవరకు నమోదు తప్పనిసరి కాదు, నమోదు లేనంతకాలం బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. చెన్నైలో కొనడానికి అడ్డంకి లేదు. కానీ వాట్సాప్‌లో ఆర్డరు వచ్చిందని వేలూరుకో, చెన్నైకో పార్శిలు పంపితే అది పక్క రాష్ట్రానికి అమ్మకమవుతుంది, అప్పుడు ఎంత చిన్న మొత్తమైనా నమోదు కావలసిందే. సరిహద్దుకు ఇంత దగ్గరగా ఉన్న మన జిల్లాల్లో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది.

సమాధానం (చిత్తూరు, విశ్రాంత ఉద్యోగి):

కొర్లగుంట అమ్మగారు చెప్పినదానితో నేను సగమే ఏకీభవిస్తాను. కౌంటరుకు దూరంగా ఉండమన్నారు, మంచిదే, కానీ దుకాణానికే దూరంగా ఉంటే భార్యకు ఒంటరితనం తప్ప మిగిలేది ఉండదు. మా ఇంట్లో ఫ్యాన్సీ దుకాణం ఉంది. చెన్నై షావుకారుపేట సందుల్లో ఎండలో తిరిగి మూటలు మోసేది నేను, ఆదివారం సరుకు లెక్కపెట్టేది నేను, ధర నిర్ణయించేది మాత్రం ఆమె. బోర్డు మీద ఏ పేరు ఉండాలో కూడా ఆమె ఇష్టమే.

మీరిద్దరూ ముందుగానే కూర్చుని ఒక మొత్తం రాసుకోండి. ఇంతవరకు పోయినా ఇల్లు గడుస్తుంది, దీనికి మించి నగలు తాకట్టు పెట్టేది లేదు అని. అద్దె ఒప్పందం సాధారణంగా 11 నెలలకే రాస్తారు కాబట్టి, పొడిగించేటప్పుడు ఎంత పెంచుతారో, ఖాళీ చేస్తే ఆ పది నెలల అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అందులోనే రాయించండి. కరెంటు మీటరు విడిగా, వాణిజ్య కేటగిరీలో ఉందో లేదో చూడండి. కొండకు వచ్చే యాత్రికుల రద్దీ చూసి అమ్మకాలు ఊహించుకోవద్దు, వాళ్లెవరూ లైనింగు గుడ్డ కోసం బైరాగిపట్టెడకు రారు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు, దసరాకు, సంక్రాంతికి, పెళ్ళి ముహూర్తాలకు దుకాణం కిటకిటలాడుతుంది. ఆషాఢంలోనూ, మూఢంలోనూ అద్దె చేతినుంచి కట్టవలసి రావచ్చు. ఆ నెలల్లో "ఈ రోజు ఎంత అమ్మావు?" అని గుమ్మంలోనే అడగకండి.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. గదిని మధ్యాహ్నం పూట మళ్లీ చూసి వస్తాం. మరొక్క సందేహం. మా పేటలోని దర్జీలు నెలవారీ ఖాతా అడుగుతున్నారు, ఆమె మొహమాటస్తురాలు. బాకీ వసూలు నేను చూసుకోవచ్చా?

సమాధానం (కొర్లగుంట):

ఖాతా ఇవ్వక తప్పదు సార్, దర్జీలే మనకు గిరాకీ పంపేది. అయితే ముక్క ఇచ్చిన ప్రతిసారీ తేదీ, మీటర్లు, ధర రాసి, తీసుకెళ్లిన కుర్రాడి చేత పుస్తకంలో సంతకం పెట్టించాలి, పాత బాకీ తీరందే రెండో నెల సరుకు ఇవ్వకూడదు. ఆ పుస్తకం రాసిపెట్టడం, నెలాఖరుకు చీటీలు సిద్ధం చేయడం మీరు చేయండి. అడగడం మాత్రం ఆమే అడగాలి. ఇంట్లో కుట్టుపని చేసినప్పటి నుంచి వాళ్లు ఆమెకు తెలిసినవాళ్లే, ఆమె అడిగితే ఇస్తారు. మీరు వెళ్లి అడిగితే గొడవకు వచ్చారనుకుని మరో దుకాణం చూసుకుంటారు.