బంగారు నానో రేణువులు: భయపడాల్సింది బంగారానికా, పూతకా?

రసవాది
"బంగారం దేనితోనూ కలవదు, కాబట్టి నానో రూపంలోనూ భయం లేదు" అని, మందుగా ఒంట్లోకి ఎక్కించే బంగారు రేణువుల మీద ఒక వ్యాసంలో చదివి ఒళ్లు మండింది. నానోరాడ్లను, అంటే పుల్లల్లాంటి బంగారు రేణువులను, పెంచేది సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనంలో. అదే వాటికి పూతగా అంటుకుని ఉంటుంది. అది జీవకణాల పొరను చీల్చేస్తుంది. రాడ్లను సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పే యంత్రంలో) అడుక్కి దించేసి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోసినా కణాలు చచ్చాయని 2009లోనే చూపించారు. చంపింది బంగారం కాదు, విడిగా తిరుగుతున్న సీటాబ్.

మూడోబెంచీ
కడిగేస్తే పోలా?

రసవాది
కడిగి చూడండి తెలుస్తుంది. కాస్త ఎక్కువ కడిగితే రాడ్లు ముద్దకట్టి ట్యూబు అడుగున నల్లగా అంటుకుంటాయి, ఎంత ఊపినా లేవవు. తక్కువ కడిగితే విషం మిగులుతుంది. నా పీహెచ్‌డీలో సగం దీనికే పోయింది. మా గైడ్ మాత్రం "శుభ్రంగానే ఉంది, పేపర్ రాసెయ్" అనేవాడు.

నిదానం
రసవాది గారూ, సీటాబ్‌తో ఉన్నదాన్ని ఎవరూ మనిషికి ఎక్కించరండీ. దాని స్థానంలో పెగ్ (పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత పెడతారు. కణితులను చంపగల టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను విడిగా ఇస్తే బీపీ పడిపోయేది, మోతాదు పెంచలేకపోయేవారు. అదే ప్రొటీన్‌ను పెగ్ పూత ఉన్న 27 నానోమీటర్ల బంగారం మీద ఎక్కించి క్యాన్సర్ రోగులకు ఇచ్చారు, 2010లో ఫలితాలొచ్చాయి. బాగానే తట్టుకున్నారు. అంటే పూత సరిగ్గా ఉంటే భద్రమే.

వసుధ
పెగ్ అంత మంచిదా? మా అమ్మకి పెగ్ ఉన్న మందు ఎక్కించిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. డిశ్చార్జి కాగితంలో "అలర్జీ" అని ఒక్క ముక్క రాశారు. దేనికి వచ్చిందో రాయలేదు.

నిదానం
అయ్యో. కానీ అందులో బంగారం లేదు కదండీ.

వసుధ
నేనూ బంగారం అనలేదే. పూత గురించే చెబుతున్నా. రక్తం గడ్డకట్టకుండా ఆపే, పెగ్ తగిలించిన పెగ్నివాకోజిన్ అనే మందు ట్రయల్‌ను తీవ్రమైన అలర్జీల వల్లే 2014లో ఆపేశారు. పెగ్‌కి యాంటీబాడీలు ముందునుంచే ఒంట్లో ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువని తర్వాత తేలింది.

చినుకు
ప్రొటీన్ కరోనా మాట ఎవరూ ఎత్తరేం? రేణువు రక్తంలో పడగానే ప్రొటీన్లు వచ్చి దాని చుట్టూ కిరీటంలా అతుక్కుంటాయి. ఒంటికి కనిపించేది మీ పూత కాదు, దాని మీది పూత. పెగ్ దాన్ని తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపదు.

రసవాది
అదంతా తర్వాత. సీటాబ్ ఎంత మిగిలిందో కొలవకుండా...

నిదానం
మళ్లీ సీటాబేనా! ట్యూబులు కడిగిన విసుగును రోగుల ప్రమాదంగా చూపించకండి. మీ గైడ్ మీద కోపం ఉంటే ఆయనతోనే తేల్చుకోండి.

రసవాది
మీరేమైనా కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకున్నారా?

మూడోబెంచీ
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

వసుధ
మీరిద్దరూ ఎక్కించిన రోజు దగ్గరే ఆగిపోయారు. పూత ఎన్నాళ్లుంటుంది? ఎలుకల్లో చూస్తే కాలేయంలోని ఎంజైములు పాలిమర్ పూతను కొరికేస్తున్నాయని 2015లో తేలింది. పూత ఒక దారి, బంగారం ఒక దారి. ఇంకో ప్రయోగంలో చిట్టెలుకల కాలేయంలో చేరిన 40 నానోమీటర్ల బంగారం ఆరు నెలలైనా పదో వంతు కూడా తగ్గలేదు. మనం పరీక్షించింది పూతతో ఉన్న రేణువును. లోపల మిగిలేది వేరే సరుకు.

నిదానం
మిగిలితే మిగలనివ్వండి, హాని చేసిందని ఎవరు చూపించారు? ఏడాది కూడా బతుకుతారో లేదో తెలియని రోగి దగ్గరికెళ్లి, పదేళ్ల తర్వాత లివర్ ఎలా ఉంటుందో తేలేదాకా ఆగు అంటారా? మా బాబాయి అలా ఆగుతూనే పోయాడు.

వసుధ
అలాంటివాళ్లకి ఇవ్వండి, నేనే సంతకం పెడతా. కానీ 2019లో ఫలితాలు వచ్చిన ప్రోస్టేట్ ట్రయల్ చూడండి. సిలికా మీద బంగారు పెంకు, పైన పెగ్, మొత్తం 150 నానోమీటర్లు. తీసుకున్న 16 మందిదీ అంత ముదరని క్యాన్సర్. వాళ్లకి ఇరవై ఏళ్ల బతుకు ఉండొచ్చు. అంత పెద్ద రేణువు మూత్రంలో పోదు. కిడ్నీ వడపోతలో ఆరు నానోమీటర్లు దాటడమే కష్టం.

చినుకు
అలాగని చిన్నవి వాడినా చిక్కే. 1.4 నానోమీటర్ల ఫాస్ఫీన్ (భాస్వరం ఉన్న రసాయనం) పూత రేణువులు కణాలను చంపాయి, 15 నానోమీటర్లవి చంపలేదు (2007). మన కణాల్లోనే ఉండే గ్లుటాథయోన్ అనే చిన్న అణువు పూతతో రెండు నానోమీటర్లవి మాత్రం ఎలుకల్లో సగానికి పైగా మూత్రంలోనే పోయాయి.

నిదానం
వసుధ గారూ, అయితే మీ పేచీ పూతతో కాదు, ఎవరికి ఇస్తున్నారన్నదాంతో. అది మొదటే చెప్పాల్సింది.

వసుధ
రెండూ ఒకటే అండీ. ఆరు నెలలకు సరిపోయే పూత ఇరవై ఏళ్లకు సరిపోతుందని సంతకం కాగితంలో ఎవరు రాస్తారు?

నిదానం
ఎవరూ రాయలేరు. అలాగని ట్రయల్ ఆపమంటే మాత్రం ఒప్పుకోను.

వసుధ
ఆపమని ఎవరన్నారు? ఇచ్చినవాళ్లను ఇరవై ఏళ్లూ పిలిచి చూడమంటున్నా.