60 అడుగుల బజారు రోడ్డులో ఫుట్‌పాత్ ఎంత ఉండాలి?

ప్రశ్న:
మా ఊళ్లో 60 అడుగుల (18 మీటర్ల) బజారు రోడ్డు మళ్లీ వేస్తున్నారు. ఇప్పుడు మురుగుకాలువ శ్లాబే ఫుట్‌పాత్, అడుగున్నర ఎత్తు, ఎవరూ ఎక్కరు. కొత్త ప్లాన్‌లో నాలుగు లైన్లు, మీటరు డివైడర్, అటూ ఇటూ మీటరున్నర ఫుట్‌పాత్. అభ్యంతరం చెప్పాలంటే ఏం అడగాలి?

జవాబు:
బజారులో నాలుగు లైన్లు కాగితం మీదే అండి. అంచు లైన్లు రెండూ పొద్దున పదింటికల్లా పార్కింగ్ అయిపోతాయి. అదేదో ముందే గీయించండి: మధ్యలో రెండు లైన్లకు 7 మీటర్లు, ఒక్కో పక్క 5.5. అందులో షాపు మెట్లకు అర మీటరు, నడకకు 2.5, మిగతా 2.5లో చెట్లు, స్తంభాలు, బైకులు, తోపుడు బండ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడకదారుల మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103, 2012 కూర్పులో ఎక్కడైనా కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలన్నారు, బజారులో 2.5. మీ ప్లాన్‌లోని మీటరున్నర చాలదని అక్కడే తేలిపోతుంది.

ఇంకో జవాబు:
వెడల్పు కన్నా ఎత్తు దగ్గరే ఎక్కువగా చెడుతుంది. కర్బు (ఫుట్‌పాత్ అంచు) ఎత్తు 15 సెం.మీ. దాటకూడదు. కాలువ గోడ ఎత్తును బట్టి శ్లాబు వేస్తే మీకిప్పుడున్నట్టే అవుతుంది, కాబట్టి కాలువ లెవెల్ ముందు సరిచూడాలి. పాత తారు గీకకుండా పైన వేస్తే రోడ్డు లేచి వాన నీళ్లు షాపుల్లోకి పోతాయి. ఆ గీకుడు (మిల్లింగ్) టెండర్లోనే రాయించండి. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్‌ను దించి ఎక్కించడం ఇంకో తప్పు. ఫుట్‌పాత్ సమంగానే పోవాలి, బండి ఎక్కే వాలు పైన చెప్పిన చెట్లు, బైకుల 2.5 మీటర్ల పట్టీలో ఉండాలి. చక్రాల కుర్చీకి వాలు 1:12, అంటే 15 సెం.మీ.కి 1.8 మీటర్ల పొడవు.

మరో జవాబు:
సందు మొదళ్లలో క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకే లేపించండి, బండే నెమ్మదించి ఎక్కుతుంది. బొల్లార్డుల (బండ్లు ఎక్కకుండా పాతే పొట్టి స్తంభాల) మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చక్రాల కుర్చీకి 1.2 మీటర్లు వదిలితే బైకూ దూరుతుంది. కార్లు, ఆటోలు ఆగుతాయంతే. బైకులకు చోటు చూపించాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
తోపుడు బండ్లవాళ్లను ఖాళీ చేయిస్తామంటున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా నడిచే దారిలోనే ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే కాకుండా, సర్టిఫికెట్లు ఇవ్వకుండా లేపడానికి లేదు. ఆ చట్టం కింద ఉండే టౌన్ వెండింగ్ కమిటీకి రాసి, ఆ 2.5 మీటర్ల పట్టీలో వాళ్ల చోట్లు డ్రాయింగ్ మీదే చూపించమనండి. ట్రాన్స్‌ఫార్మర్‌నూ ఆ పట్టీలోకే జరపాలి. ఖర్చు ఎస్టిమేట్‌లో ఇప్పుడే పెట్టించండి, తర్వాత ఎవరూ కదిలించరు.