అంబాసిడర్ డ్రమ్ బ్రేకులు: బాగు చేసుకోవాలా, డిస్క్‌కి మారాలా?

కావలి మార్క్2:
నాన్న తోలిన 1972 అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా ఇంట్లోనే ఉంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. పోయిన నెల నాలుగింటికీ కొత్త లైనింగ్ (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పొర) వేయించి, ముందు డ్రమ్ములు లేత్ మీద కట్ చేయించాను. అప్పటి నుంచి పెడల్ రాయిలా ఉంది. ఎంత గట్టిగా తొక్కినా బండి నిదానంగా ఆగుతోంది. మొన్న నెల్లూరు నుంచి వస్తుంటే ముందు లారీ ఉన్నట్టుండి ఆగింది. పక్కకి తిప్పబట్టి బయటపడ్డాను. ఇంట్లోవాళ్లు ఇక ఆ బండి ఎక్కబోమంటున్నారు. షెడ్డులోనేమో ముందు చక్రాలకి డిస్క్ వేసి బూస్టర్ పెట్టేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

ఒంగోలు రోడ్డు:
డిస్క్ వేయించండన్నా. ఆ బండి తయారైనప్పుడు రోడ్డు వేరు, ఇప్పటి 16వ నంబరు హైవే వేరు. ముందుపోయే బండికి డిస్కూ ఏబీఎస్సూ ఉంటాయి, అది ఆగినంత తొందరగా మనం ఆగలేం. వానలో డ్రమ్ములోకి నీళ్లు పోతే మొదటి రెండు తొక్కులూ వృథా. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో దిగుతుంటే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపల లైనింగ్ అతికించిన షూకి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. ఇది నేను స్వయంగా చూశాను. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చొద్దన్నాయి గానీ బ్రేకుల మాట ఎత్తలేదు.

పెన్నా ఒడ్డు:
నీళ్ల గురించీ వేడి గురించీ ఒంగోలు అన్న చెప్పింది నిజమే. ఆ రెండింట్లో డిస్కే మేలు. కానీ కావలి అన్న బండి ఘాట్‌లోనో వానలోనో కాదు, పొడి రోడ్డు మీద, చల్లటి డ్రమ్ములతో ఆగట్లేదు. అది డ్రమ్ము లోపం కాదు, ఆ డ్రమ్ములో చేసిన పనిలో లోపం. దాన్ని కనిపెట్టకుండా పైన బూస్టర్ పెడితే తప్పు అలాగే ఉండిపోతుంది, కాలికి మాత్రం తెలియకుండా పోతుంది. నాకు భయం అక్కడే.

ముందు పెడల్ ఏం చెబుతోందో చూడాలి. మెత్తగా స్పాంజిలా ఉంటే బ్రేక్ ఆయిల్ లైన్‌లో గాలి ఉన్నట్టు. మొదటిసారి లోతుకి పోయి రెండో తొక్కుకి పైకొస్తే షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నట్టు. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతుంటే, బయట లీకు లేకపోతే, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు పోయినట్టు. మీది రాయిలా ఉంది, బండి ఆగట్లేదు. అంటే ఒత్తిడి పోతోంది గానీ లైనింగ్ పట్టట్లేదు, లేదా చక్రం దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ బిగుసుకుపోయింది. మన తీరంలో ఉప్పుగాలికి ఆరు నెలలు కదలని బండిలో అలా బిగుసుకోవడం మామూలే.

నా అనుమానం మాత్రం లేత్ మీదే. డ్రమ్ము కట్ చేస్తే లోపలి వంపు పెద్దదవుతుంది. కొత్త లైనింగ్ మాత్రం పాత కొలతకే ఉంటుంది. అందుకని షూ మధ్యలోనే తగులుతుంది, రెండు చివరలూ గాలిలో ఉంటాయి. లైనింగ్ నిండా సుద్ద రాసి, డ్రమ్ము ఎక్కించి, బ్రేక్ మెల్లగా తొక్కించి చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పండి. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడే తగులుతోంది.

ఇంకోటి చూడండి. అంబాసిడర్ ముందు డ్రమ్ముల్లో రెండూ లీడింగ్ షూలే. బండి ముందుకి పోతున్నప్పుడు తిరిగే డ్రమ్మే షూని తనలోకి లాక్కుంటుంది. బూస్టర్ లేకుండా అంత బరువు బండి ఆగేది ఆ బలంతోనే. కుడి ఎడమల సామాను తారుమారుగా బిగిస్తే ఆ బలం తిరగబడుతుంది. ఖాళీ స్థలంలో నిదానంగా రివర్స్‌లో పోయి తొక్కండి. ముందుకంటే వెనక్కి బాగా ఆగితే తప్పు దొరికినట్టే. షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్లు కూడా ఒక్కో ముందు చక్రానికి రెండుంటాయి. ఒకటి బిగించి రెండోది వదిలేసిన బండ్లు చాలా చూశాను.

విప్పినప్పుడు దుమ్ము గాలితో కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.

ఒంగోలు రోడ్డు:
ఇవన్నీ ఓపికగా చేసే మేస్త్రీలు ఎంతమంది ఉన్నారన్నా? డిస్క్ అయితే బిగించి వదిలేయొచ్చు.

పెన్నా ఒడ్డు:
బిగించి వదిలేయడం కుదరదన్నా. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్ దగ్గర లైన్‌లో కాస్త ఒత్తిడి నిలిపే వాల్వ్ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్క్ వేస్తే దాన్ని నొక్కే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. ముందు వెనకల బలం కూడా మళ్లీ సరిచూసుకోవాలి. డిస్క్ వద్దని నేననట్లేదు, బాగు చేసిన డ్రమ్ముతో ఒక నెల తిరిగాక నిర్ణయించుకోమంటున్నాను.

కావలి మార్క్2:
పది రోజులు పట్టింది. రివర్స్‌లో తేడా ఏం లేదు. సుద్ద మాత్రం రెండు ముందు చక్రాల్లోనూ మధ్యలో మూడు వేళ్ల వెడల్పే చెరిగింది. కుడి ముందు చక్రంలో సీలు పోయి లైనింగ్ గ్రీజుతో తడిసి ఉంది. సీలు మార్చి, ముందు రెండు చక్రాలకీ మళ్లీ లైనింగ్ వేయించి, డ్రమ్ము వంపుకి సరిపోయేలా అరగదీయించాను. బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంటే అదీ మార్పించాను. నిన్న ఉదయగిరి రోడ్డులో యాభై వేగంలో తొక్కితే నాలుగు చక్రాలూ పట్టి తిన్నగా ఆగింది. అమ్మ వెనక సీట్లో కూర్చుంది. డిస్క్ ప్రస్తుతానికి ఆపాను.

ఒంగోలు రోడ్డు:
సంతోషం అన్నా. ఘాట్ విషయంలో మాత్రం నా మాట నాదే. నలుగురు మనుషులూ సామానుతో ఎండాకాలం ఆ బండి శ్రీశైలం ఎక్కించొద్దు.

పెన్నా ఒడ్డు:
అందులో నేనూ మీతోనే. తప్పక పోవాల్సి వస్తే దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనే దిగాలి. కావలి అన్నా, కొత్త లైనింగ్ సర్దుకునేటప్పుడు సందు పెరుగుతుంది. ఐదు వందల కిలోమీటర్లకి జాకీ వేసి ప్రతి అడ్జస్టరూ చక్రం బిగుసుకునేదాకా తిప్పి, చక్రం కాస్త స్వేచ్ఛగా తిరిగేంత మాత్రం వెనక్కి వదలండి. రెండోది మర్చిపోవద్దు.