ముడి చమురు ఉష్ణవాహకత: సాంద్రత ఒక్కటీ తెలిస్తే చాలా?

రాజోలు కుర్రాడు:
కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నానండి. మైనం ఎక్కువున్న ముడి చమురు పంపింగ్ ఆగాక పైపులో ఎంతసేపటికి చల్లారుతుందన్నది నా ప్రాజెక్టు. ఉష్ణవాహకతకి 1929 నాటి క్రాగో సూత్రం వాడాను. అంటే 0.117ని సాపేక్ష సాంద్రతతో భాగించి, వేడి పెరిగేకొద్దీ కాస్త తగ్గించడం. మా గైడు గారు సరేనన్నారు. వైవాకి వచ్చినాయన మాత్రం "కూర్పు చూడకుండా ఎలా?" అన్నారు. ఎవరి మాట వినాలండీ?

పైప్‌లైన్ పెద్దాయన:
గైడు గారి మాటే విను బాబూ. నీళ్ళ ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కి 0.6 వాట్లు ఉంటే, చమురులు చాలావరకు 0.11, 0.15 మధ్యే తిరుగుతాయి. ఫీల్డులో వెంటనే చేతికొచ్చేది ఏపీఐ గ్రావిటీ, అంటే చమురు సాంద్రత చెప్పే కొలమానం. కూర్పు కోసం ల్యాబు చుట్టూ తిరిగే తీరిక ఎవరికుంది? అయినా వేడిని ఆపేది పైపు చుట్టూ ఉన్న ఇన్సులేషన్, చమురు కాదు.

గోదారిగట్టు:
పెద్దాయన గారూ, చమురు పారుతున్నంతసేపూ మీరన్నది నిజమే. అబ్బాయి అడిగింది ఆగిన పైపు సంగతి. మన కాకినాడ తీరానికెదురుగా 2024 జనవరిలో మొదలైన కేజీ-98/2 చమురులో మైనం ఎక్కువ కాబట్టే అక్కడ పైపులో పైపు వేశారు. అలాంటి చమురు ఆగి, డిసెంబరు పొద్దున కొబ్బరినూనెలా పేరుకుందంటే లోపల కదలిక ఉండదు, వేడి వాహకత మీదే బయటికి పోవాలి. పైపు వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, ఇన్సులేషన్ మీదుగా ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరు-కెల్విన్‌కి 1 వాట్, చమురు ఉష్ణవాహకత 0.13 అనుకోండి. బయో సంఖ్య, అంటే లోపలి అడ్డుకీ బయటి అడ్డుకీ నిష్పత్తి, 0.77 వస్తుంది. అంటే చమురు అడ్డు, ఇన్సులేషన్ అడ్డు దాదాపు సమానం. ఒకదాన్ని వదిలేసే వీల్లేదు.

ఇక క్రాగో సంగతి. 25 డిగ్రీల దగ్గర టోలుయీన్‌కి 0.132 ఇస్తుంది, కొలిచింది 0.131. భేష్! అదే తిన్నని కార్బన్ గొలుసున్న హెప్టేన్‌కి 0.168 ఇస్తుంది, కొలిస్తే 0.123. మూడో వంతు కంటే ఎక్కువ తేడా. అలాంటిదే, ఇంకా పొడుగు గొలుసున్న, బరువైన హెక్సాడెకేన్‌కి సూత్రం 0.149కి దిగుతుంది. కొలతలో మాత్రం సుమారు 0.14కి పెరుగుతుంది. తిన్నని గొలుసు పొడుగయ్యేకొద్దీ వాహకత పెరుగుతుంటే, సూత్రం తగ్గిందంటోంది. మైనమంటే ఎక్కువ భాగం ఆ తిన్నని గొలుసులే కదండీ!

పైప్‌లైన్ పెద్దాయన:
అవి శుద్ధ ద్రవాలు, ముడి చమురు వందల రకాల కలగలుపు. 0.85 సాంద్రతకి క్రాగో 0.136 ఇస్తుంది, అది నమ్మదగిన అంకెలాగే ఉంది. పోనీ కొలుద్దామన్నా, వేడి తీగ పద్ధతిలో సన్నటి తీగని కాస్త ఎక్కువసేపు వేడిచేస్తే ద్రవం కదలడం మొదలై అంకె పెరిగిపోతుంది. పాత కొలతల్లో కొన్నిటిని నమ్మలేం.

గోదారిగట్టు:
అంకె దగ్గరగా ఉండొచ్చు, కానీ మైనం శాతం మారితే ఎటు కదలాలో ఆ సూత్రానికి తెలియదు. పీసీ-శాఫ్ట్ అనే అణువుల ఆధారిత స్థితి సమీకరణంతో ఎంట్రోపీ స్కేలింగ్ (ఎంట్రోపీ నుంచి వాహకతని అంచనా కట్టే పద్ధతి) కలిపిన నమూనాలకి మొత్తం కూర్పు అక్కర్లేదు. ప్రధానంగా సగటు అణుభారం, హైడ్రోజన్-కార్బన్ నిష్పత్తి ఇస్తే చాలు. బాబూ, అవి ద్రవానికే సుమా! మైనం స్ఫటికాలు కట్టాక ఘనం వాటాకి మాక్స్‌వెల్ మిశ్రమ సూత్రం విడిగా కలపాలి. ఘన మైనం 0.2 పైనే ఉంటుంది.

రాజోలు కుర్రాడు:
హైడ్రోజన్-కార్బన్ నిష్పత్తికి కాలేజీలో ఎనలైజర్ ఖాళీ ఉందేమో సోమవారం అడుగుతానండి. రెండు నమూనాల చల్లారే వక్రాలూ ఇక్కడే పెడతాను.

పైప్‌లైన్ పెద్దాయన:
పెట్టు బాబూ. గంటల్లో తేడా కనిపిస్తే నేనూ ఒప్పుకుంటాను, నిమిషాల్లోనే ఉంటే మాత్రం నాకు క్రాగోయే చాలు.