కోత అయ్యాక మామిడి కొమ్మలు ఎంతవరకు కత్తిరించాలి?

ప్రశ్న:
ఎనిమిదేళ్ల మామిడి చెట్లు, 5 మీటర్ల ఎడం. వరుసల మధ్య కొమ్మలు కలిసిపోయి లోపలికి ఎండ దిగడం లేదు. కోత అయిపోయింది కానీ ఎండలు తగ్గలేదు. ఇప్పుడే కత్తిరించవచ్చా, వానలు పడేదాకా ఆగాలా? పక్కన జామ కూడా ఉంది, దానికీ ఇదే పద్ధతా?

జవాబు 1:
ఆగకండి. కోత అయిన రెండు మూడు వారాల్లో పని ముగించాలి. మామిడిలో పూత ముదిరిన కొమ్మ చివరే వస్తుంది. కత్తిరించాక వచ్చే చిగురు ముదరడానికి ఐదారు నెలలు పడుతుంది. ఆలస్యమైతే పూత వేళకు కొమ్మ లేతగానే ఉండి, పూతకు బదులు మళ్లీ ఆకులే వేస్తుంది. నేల బాగా ఎండి ఉంటే మాత్రం ముందు ఒక తడి ఇచ్చి, నాలుగు రోజులాగి మొదలుపెట్టండి.

ముందు ఎండుపుల్లలు, తెగులు పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయండి. తర్వాత నడిమధ్యలో నిటారుగా లేచిన లావు కొమ్మలు ఒకటి రెండు మొదలంటా. మిగతావాటికి కాయ కోసిన కాడ నుంచి 10–15 సెం.మీ. కిందికి కోస్తే చాలు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఒక విడత చిగురు ఆగి మరో విడత మొదలైన చోట కణుపులు దగ్గరదగ్గరగా ఉంగరంలా కనిపిస్తాయి. ఆ ఉంగరానికి పైన కోస్తే చిగుర్లు చీపురుకట్టలా వస్తాయి, కింద కోస్తే తక్కువగా, ఎడంగా వస్తాయి.

చెట్టు గొడుగులో (కొమ్మలు, ఆకులు పరచుకున్న పైభాగంలో) పావు వంతుకు మించి ఒకే ఏడు తీయొద్దు. ఎత్తు బాగా తగ్గించాలంటే రెండు మూడేళ్లకు పంచుకోండి.

జవాబు 2:
ఎండల్లో కత్తిరిస్తున్నారు కాబట్టి ఒక మాట. ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడుకు ఒక్కసారిగా ఎండ తగిలితే మాడి పగులుతుంది, ఆ పగుళ్లలోకి కాండం తొలిచే పురుగు చేరుతుంది. పడమటి ఎండ పడే కొమ్మలకు అదే రోజు సున్నం పూయండి.

లావు కొమ్మను పైనుంచి ఒకే కోతతో నరికితే బరువుకు బెరడు చీలి మాను దాకా ఊడుతుంది. మానుకు 30 సెం.మీ. దూరంలో అడుగు నుంచి మూడో వంతు లోతు గాటు పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోయండి. మిగిలిన మోడును, అది మానుకు కలిసే చోటి ఉబ్బు తెగకుండా, దాని అంచున తీయండి. ఉబ్బును కోస్తే గాయం పూడదు.

కోసిన గాయాలకు బోర్డో పేస్ట్ పూయండి: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 లీటర్ల నీళ్లలో, కిలో పొడిసున్నం వేరే 5 లీటర్లలో కరిగించి కలపాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుము వద్దు. ఏ రోజుది ఆ రోజే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. చిగుర్లు గుంపుగా వచ్చేస్తే?

జవాబు 1:
వేలెడు పొడవున్నప్పుడే కోతకు రెండు మూడు, అదీ గొడుగు బయటి వైపు చూసేవి ఉంచి మిగతావి చేత్తో గిల్లేయండి. ముదిరాక సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) పెట్టాల్సి వస్తుంది, అప్పటికే చెట్టు బలం అందులో పోయి ఉంటుంది.

జవాబు 3:
జామ లెక్క వేరు. పూత కొత్త చిగురు మీదే వస్తుంది కాబట్టి వేసవిలో కొమ్మను సగానికి కోసినా కాపు పోదు, ఆలస్యంగా వస్తుంది. చలికాలం కాయ కావాలనుకునేవాళ్లు చేసేది అదే. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు సికేచర్ స్పిరిట్‌తో తుడవడం మాత్రం రెండింటికీ ఒకటే.