‘వుయ్ ద పీపుల్’ అన్నచోట మేము అనాలా, మనము అనాలా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై దాటాయి. శాశ్వత నివాస హక్కుతో అమెరికాలో పదిహేనేళ్లకు పైగా ఉంటున్నది. వయసు యాభై ఐదు నిండి, ఆ హక్కుతో పదిహేనేళ్లు గడిపినవారు పౌరసత్వ పరీక్షలోని పౌరశాస్త్ర ప్రశ్నలకు సొంత భాషలోనే, దుబాసీ ద్వారా జవాబు చెప్పవచ్చు. అందుకని అమ్మ 2008 నాటి నూరు ప్రశ్నల పట్టికను తెలుగులో రాసుకుని చదువుకుంటున్నది. స్వపరిపాలన అనే భావన రాజ్యాంగంలోని మొదటి మూడు మాటల్లో ఉందనీ, ఆ మాటలేవో చెప్పమనీ అందులో ఒక ప్రశ్న ఉంది. జవాబు ‘వుయ్ ద పీపుల్’. దానికి అమ్మ నోటుబుక్కులో ‘మనం ప్రజలం’ అని రాసుకున్నది. నేను దాన్ని కొట్టివేసి పైన ‘మేము’ అని దిద్దాను. అమ్మ కాసేపు ఆ దిద్దుబాటు వంకే చూసి, ‘మేము అంటే వాళ్లు. అయితే నేను అందులో లేనట్టేనా?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. రెండో సందేహం కూడా ఉంది. ‘అమెండ్‌మెంట్’ అంటే ఏమిటన్న ప్రశ్నకు మార్పు అన్నా సరే, చేర్పు అన్నా సరే అని ఆ పట్టికలో ఉంది. మనం వాడే ‘సవరణ’ ఈ రెంటిలో దేనికి సరిపోతుంది?

మొదటి జవాబు:

అమ్మా, మీ అమ్మగారు అడిగిన ప్రశ్న వ్యాకరణానికీ చెందుతుంది, అమెరికా చరిత్రకూ చెందుతుంది. ఇంగ్లీషు ‘వుయ్’ వినేవాడిని కలుపుకున్నదో లేదో చెప్పదు. తెలుగు చెప్పి తీరుతుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషితో ‘మేము బయలుదేరుతున్నాం’ అంటే అతడు వీడ్కోలు చెబుతాడు. ‘మనం బయలుదేరుదాం’ అంటే చెప్పులు వేసుకుంటాడు. కనుక ఆ మూడు మాటలతో మొదలయ్యే రాజ్యాంగ పీఠికను తెనిగించేవాడు, దాన్ని రాసినవారు తేల్చకుండా వదిలిన సంగతిని తాను తేల్చవలసి వస్తుంది.

అనువాదం వరకైతే నా ఓటు ‘మేము’కే. ఆ పీఠిక ఒకటే వాక్యం, ఆ వాక్యం ఒక దస్తావేజు. మన పాత దస్తావేజుల్లో రాసి ఇచ్చేవారు ‘మేమున్నూ, మా వారసులున్నూ’ అని ఎలా చెప్పుకుంటారో, ఇక్కడ కూడా ప్రజలు తమకూ తమ సంతతికీ స్వేచ్ఛాఫలాలు దక్కేందుకు ఈ రాజ్యాంగాన్ని విధించి నెలకొల్పుతున్నామని చెబుతున్నారు. రాసి ఇచ్చేవాడు చదివేవాడిని తనలో కలుపుకోడు. మన భారత రాజ్యాంగ పీఠిక తెలుగు పాఠంలో, బడి పుస్తకాల తొలి పుటల్లో పిల్లలు చదివేదాంట్లో, ఉన్నది కూడా ‘మేము’ అన్న మాటే.

అయితే ఆ ‘మేము’లో ఎవరున్నారన్నది మొదటి రోజు నుంచీ తగవే. 1787 ఆగస్టులో, రాజ్యాంగం రాయడానికి కూడిన ఫిలడెల్ఫియా సభ ముందుకు వచ్చిన చిత్తులో ‘న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్…’ అంటూ పదమూడు రాష్ట్రాల పేర్లూ వరుసగా ఉండి, ఆ రాష్ట్రాల ప్రజలమని ఉండేది. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, ఒప్పుకున్న రాష్ట్రాల మధ్య రాజ్యాంగం అమలులోకి వస్తుందని నియమం పెట్టుకున్నాక, ఆ తొమ్మిది ఏవో ముందే తెలియనప్పుడు పేర్లు రాయడం కుదరలేదు; రోడ్ ఐలండ్ అయితే సభకు ప్రతినిధులనే పంపలేదు. సెప్టెంబరులో భాషను తీర్చే సంఘం, ముఖ్యంగా గవర్నర్ మోరిస్ (గవర్నర్ అనేది ఆయన పేరు, పదవి కాదు), ఆ జాబితాను తీసివేసి ‘సంయుక్త రాష్ట్రాల ప్రజలం’ అని కుదించింది. వాడుక ఇబ్బంది వల్ల వచ్చిన ఆ కుదింపులోంచే, అధికారానికి మూలం ప్రజలన్న సూత్రం అంత గట్టిగా పలికింది. మరుసటి ఏడాది జూన్‌లో, రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే వర్జీనియా సభలో పాట్రిక్ హెన్రీ లేచి, ‘మేము రాష్ట్రాలం’ అనడానికి బదులు ‘మేము ప్రజలం’ అనే అధికారం వీరికి ఎవరిచ్చారని నిలదీశాడు. ఒక సర్వనామం పక్కన ఏ నామం నిలవాలన్నదాని మీద అంత పెద్ద వాదం జరిగింది.

అదే పత్రంలో, పీఠిక దాటిన కాసేపటికే, ప్రాతినిధ్యం లెక్కించేటప్పుడు స్వతంత్రులు కాని ‘ఇతర వ్యక్తుల’ను ఐదింట మూడు వంతులుగా గణించాలన్న నియమం ఉంది. వారు లెక్కలోకి వచ్చారు గాని ‘మేము’లోకి రాలేదు. 1857లో, స్వేచ్ఛ కోరి కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసు తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ, ‘సంయుక్త రాష్ట్రాల ప్రజలు’ అన్నా ‘పౌరులు’ అన్నా ఒకటేననీ, ఆఫ్రికా సంతతివారు ఆ మాటలో చేరరనీ రాశాడు. ఆ తీర్పును పూడ్చిపెట్టడానికి అంతర్యుద్ధం గడవవలసి వచ్చింది. 1865లో పదమూడో సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, 1868లో పద్నాలుగోది ఆ గడ్డ మీద పుట్టి ఆ చట్టాలకు లోబడినవారందరినీ పౌరులన్నది. స్త్రీల ఓటు హక్కును కాదనరాదన్న మాట 1920లో గాని చేరలేదు.

మన వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1923లో, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారన్నది. సైన్యంలో పనిచేసినవారికి దొరికిన సడలింపు వంటివి పక్కన పెడితే, 1946లో చట్టం మారేదాకా ఆ తలుపు మూసే ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఉంటూ పరిశోధన చేసిన సంవత్సరాల్లో చాలా భాగం ఆ మూసిన తలుపు ముందే గడిచాయి. ఆ తలుపు తెరిచింది రాజ్యాంగ సవరణ కాదు, మామూలు చట్టమే. ‘మేము’ పెరిగిన దారి ఒకటే కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

టెక్సస్ నుంచి ఎన్నికైన నల్లజాతి ప్రతినిధి బార్బరా జోర్డాన్ 1974 జూలై 25న, అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన విచారణలో మాట్లాడుతూ, 1787లో ఆ పత్రం పూర్తయినప్పుడు ‘వుయ్ ద పీపుల్’లో తాను లేననీ, సవరణ, వ్యాఖ్యానం, కోర్టు తీర్పు అనే దారుల గుండా చివరకు తాను అందులో చేరాననీ చెప్పింది. మీ అమ్మగారు నోటుబుక్కు ముందు కూర్చుని అడిగింది సరిగ్గా ఆ మాటే.

మరొక సభ్యుడు:

మాస్టారూ, సర్వనామం తప్పనిసరి అని ఎందుకు అనుకోవాలి? ‘మేము వెళ్తాం’, ‘మనం వెళ్తాం’, రెంటిలోనూ క్రియ ఒకటే. ‘ప్రజలం’ అన్నా అంతే. ఉత్తమ పురుష బహువచనం చివరి సున్నాలోనే ఉంది. ‘సంయుక్త రాష్ట్రాల ప్రజలం’ అని ఊరుకుంటే ఇంగ్లీషులాగే తేల్చకుండా వదిలినట్టు అవుతుంది కదా.

మొదటి జవాబు ఇచ్చినవారు:

తమ్ముడూ, చాలా చక్కటి సూచన. మొదటి మూడు మాటల వరకు అది నిలుస్తుంది. కానీ వాక్యం ముందుకు నడిస్తే ‘తమకూ తమ సంతతికీ’ అన్న చోటు వస్తుంది. అక్కడ ‘మాకు’ అనాలి, లేదా ‘మనకు’ అనాలి. సున్నా వెనుక దాక్కున్న ప్రశ్న అక్కడ బయటపడుతుంది.

ఇక ‘సవరణ’. మనం పమిట సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం. సవరించాక పాత తీరు కనబడదు. భారత రాజ్యాంగానికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. 1976లో 42వ సవరణ పీఠికలోనే మాటలు చేర్చింది. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కు చెప్పే 31వ అధికరణాన్ని మూల పాఠంలోంచి తొలగించింది. అమెరికా పద్ధతి వేరు. 1789లో కాంగ్రెసులో, అంటే అక్కడి చట్టసభలో, ప్రతినిధి జేమ్స్ మాడిసన్ మార్పులను మూలంలోనే అల్లాలన్నాడు, అధికారమంతా ప్రజల నుంచే పుడుతుందన్న ప్రకటనను పీఠికకు ముందు పెట్టాలని కూడా కోరాడు. మరో ప్రతినిధి రోజర్ షెర్మన్ మూలాన్ని కదిలించవద్దని పట్టుబట్టాడు. సభ చివరకు షెర్మన్ మాటే విన్నది. అందుకే అక్కడి 27 సవరణలూ చివర వరుసగా వేలాడుతుంటాయి. మద్యాన్ని నిషేధించిన 1919 నాటి పద్దెనిమిదోదీ, దాన్ని రద్దు చేసిన 1933 నాటి ఇరవై ఒకటోదీ రెండూ అచ్చులో ఉంటాయి. ‘ఐదింట మూడు వంతుల’ వాక్యం కూడా చెల్లకుండానే, చెరగకుండా ఉంది. చెరిపివేసి ఉంటే పత్రం శుభ్రంగా కనబడేది గాని, ఎవరిని ఎంత కాలం బయట నిలబెట్టారో అందులో చదవగలిగేవాళ్లం కాదు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం అందుకే.

జడ చివర సవరం పెట్టినట్టు, ఉన్న జుట్టును కత్తిరించకుండా పొడిగించడం అది. (సవరానికీ సవరణకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు, పోలిక వరకే.) కాబట్టి అమ్మగారిని ‘చేర్పు’ అని చెప్పమనండి. సవరణ అన్న మాట మన వాడుకలో స్థిరపడింది కనుక దాన్ని మార్చనక్కరలేదు, అర్థం తెలిసి వాడితే చాలు.

ఆ చేర్పు సులభం కాదన్నది కూడా ఆమె తెలుసుకోవాలి. కాంగ్రెసు రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు ప్రతిపాదించాలి, లేదా మూడింట రెండు వంతుల రాష్ట్రాల శాసనసభలు ప్రత్యేక సభను కోరాలి. ఆ పైన నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు, అంటే 50లో 38, ఒప్పుకోవాలి. అధ్యక్షుడి సంతకంతో పనిలేదు. దేశమంతా కలిసి ఓటు వేసే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు. మార్చవలసి వచ్చినప్పుడు ప్రజలను రాష్ట్రాలవారీగానే లెక్కిస్తారు. పాట్రిక్ హెన్రీ ప్రశ్నకు అందులో సగం జవాబు ఉందని నాకనిపిస్తుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినదంతా రాత్రి అమ్మకు చదివి వినిపించాను. పీఠిక అనువాదంలో ‘మేము’ ఉంచడానికి ఒప్పుకున్నది. చేర్పు అన్న మాటను నోటుబుక్కులో రెండుసార్లు రాసుకున్నది. పరీక్ష దగ్గర మాత్రం ‘మనం’ అనే చెబుతానన్నది. ఎందుకమ్మా, దుబాసీ ఎలాగూ రెంటినీ ఒకే ఇంగ్లీషు మాటలోకి మారుస్తాడు కదా అన్నాను. ‘ఎదురుగా కూర్చున్న అధికారితో మేము ప్రజలం అంటే, ఆయన్ను బయట పెట్టినట్టు కాదూ?’ అని, నేను దిద్దిన ‘మేము’ను కొట్టివేయకుండా, దాని పక్కనే తన ‘మనం’ మళ్లీ రాసుకున్నది.