పెద్దకర్మ రోజు కాటిసీను పద్యాలు పాడించడం ఓదార్పేనా?

కృష్ణలంక ఆడబిడ్డ:
మా అమ్మ పెద్దకర్మకు అన్నయ్య ఇంటి ముందు షామియానా వేయించి, మైకు పెట్టించి, ఒక నాటక కళాకారుడి చేత హార్మోనియంతో హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు పాడించాడు. అమ్మ మంచాన పడ్డప్పటి నుంచీ చూసుకున్నది నేను. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చుని అమ్మ గురించి నాలుగు మాటలు మాట్లాడితే చాలనిపించింది. వచ్చినవాళ్లేమో ఫోన్లలో రికార్డు చేసుకుని, చివర్లో "వన్స్‌మోర్" అన్నారు. చావింట్లో వన్స్‌మోరా? కవిత్వం ఓదారుస్తుందనే వాళ్లు జవాబు చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట. ఆ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారిది. కాటిసీనులో అందరూ పాడే ఆ పద్యాలు మాత్రం జాషువా గారి 'శ్మశానవాటి'లోవి. నటులు తెచ్చి కలిపారు, జనం మెచ్చారు, అలా నిలిచిపోయాయి. కృష్ణా గుంటూరు వాళ్లకే ఇది తెలియకపోతే ఎలా? ఇక ఓదార్పు సంగతి. మా నాన్నగారు పోయినప్పుడు నాకు కన్నీరు రాలేదు. ఎవరో ఆ పద్యం ఎత్తుకుని రాగం తీశాక వచ్చింది. మీ అన్నయ్యకూ అలాగే అయ్యుంటుంది.

పటమట రవి:
చావింట్లో మైకు వద్దు, అంతే. మా వీధిలో ఘంటసాల భగవద్గీత వినపడితే చాలు, ఎవరు పోయారా అని టెన్షన్.

కృష్ణలంక ఆడబిడ్డ:
మాస్టారూ, పద్యం ఎవరిదని నేను అడగలేదు.

బ్రాడీపేట మాస్టారు:
అడగకపోయినా చెప్పాలి. రాసినాయన పేరు ఎత్తకుండా పాడించడం అన్యాయం.

పల్నాటి సుబ్బు:
పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు మాస్టారూ. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి కులం వల్ల ఎన్ని అవమానాలు పడ్డాడో కూడా చెప్పండి. శ్మశానంలో అస్పృశ్యతకు తావు లేదని ఆ పద్యాల్లోనే ఉంది. మా ఊళ్లో శ్మశానాలు కూడా వేరే. మా తాతను మోసుకెళ్తుంటే దారిలో ఆపేశారు. ఆ పద్యం పాడేటప్పుడు మా నాన్న గొంతు ఇప్పటికీ బిగుసుకుంటుంది. ఆయన నిలదీస్తున్నట్టు పాడతాడు. మీరు రాగం విని, ఏడ్చి, తేలికపడ్డారు.

బ్రాడీపేట మాస్టారు:
ఇందులోకి కులం ఎందుకు? రసం అందరిదీ. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు ఆ పద్యాలు చెప్పినవాణ్ణి, నాకు మీరు నేర్పుతారా?

పల్నాటి సుబ్బు:
నేర్పుతాను. రసం అందరిదీ, అవమానం మాత్రం మాదా?

కృష్ణలంక ఆడబిడ్డ:
ఇద్దరూ ఆగండి. సుబ్బు గారూ, ఆ పద్యాన్ని మీ నాన్నగారు తనే ఎంచుకున్నారు. మా అమ్మకు ఏది ఇష్టమో ఎవరూ అడగలేదు. ఆమెకు పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని ఉండాలి. డైపర్ మారుస్తుంటే సిగ్గుతో మొహం తిప్పుకుని అందులోని తత్వమేదో కూనిరాగం తీసేది. నేనూ గొంతు కలిపేదాన్ని. ఇద్దరికీ ఆ కాసేపు తేలిగ్గా ఉండేది. కాబట్టి నా కోపం పద్యం మీద కాదు. అన్నయ్య అమెరికా నుంచి దిగి, డబ్బు కట్టి, మేం ఎలా ఏడవాలో తనే నిర్ణయించాడు.

బ్రాడీపేట మాస్టారు:
అంత దూరాన ఉండి ఆ పిల్లాడు ఎంత కుమిలిపోయాడో మీకేం తెలుసు? మావాడు డల్లాస్‌లో ఉన్నాడు. రేపు నేను పోతే, ఏం చేయాలో తోచక వాడూ మైకే పెట్టిస్తాడు. వాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు.

కృష్ణలంక ఆడబిడ్డ:
అయితే మీకేం కావాలో ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. మా అమ్మ చెప్పలేదు, వాడూ అడగలేదు.

పటమట రవి:
ఏం పాడించినా సరే, మైకు మాత్రం వద్దు.

పల్నాటి సుబ్బు:
మా నాన్నకు ఏం పాడించాలో నాకు తెలుసు. కవి పేరు చెప్పే పాడిస్తాను. మైకూ పెడతాను రవి గారూ. ఆ రోజు దారి ఆపినవాళ్ల వీధి దాకా వినపడాలి.